అసెంబ్లీలో మాట్లాడితే పని అయిపోయినట్టేనా? ఎమ్మెల్యే ఆఫీసు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

అసెంబ్లీ సమావేశాలు మొదలైతే చాలు, మా ఆఫీసుకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "సార్, మన ఎమ్మెల్యే నిన్న మన ఊరి గురించి మాట్లాడినాడంట కదా, ఆ పని ఎప్పుడు మొదలుపెడతారు?" అవతలి మనిషి వాట్సాప్‌లో వచ్చిన చిన్న వీడియో చూసి ఉంటాడు. దాని కింద ఎవరో "శాంక్షన్ అయింది" అని రాసి ఉంటారు. కర్నూలు జిల్లాలో ఎమ్మెల్యేల దగ్గర అర్జీలు చూడటం, అసెంబ్లీకి ప్రశ్నలు తయారు చేసివ్వడం నా పని. పార్టీలు మారాయి, ఈ ఫోన్లు మాత్రం మారలేదు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి రాస్తున్నాను.

అపోహ: అసెంబ్లీలో పాసైతే పని అయిపోయినట్టే

జనం చేత ఎక్కువ డబ్బు పోగొట్టించింది ఇదే.

మన హైకోర్టు సంగతే చూడండి. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమవాళ్ల మనసులో ఉన్న ఆశ అది. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది, 1956లో రాజధాని కూడా పోయింది. 2018 ఫిబ్రవరిలో బీజేపీ సీమ నాయకులు కర్నూలులోనే రాయలసీమ డిక్లరేషన్ ప్రకటించి హైకోర్టు సీమలోనే పెట్టాలన్నారు. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో పాసైంది. కర్నూలు న్యాయ రాజధాని, అంటే హైకోర్టు ఇక్కడికే! ఆ రాత్రి ఊళ్లో టపాకాయలు కాల్చారు. పొద్దున్నుంచే ప్లాట్ల రేట్లు చెప్పడం మొదలైంది.

ఆ తర్వాత జరిగింది ఎంతమందికి గుర్తుంది? రెండు రోజుల్లోనే శాసన మండలిలో చైర్మన్ దాన్ని పరిశీలన కోసం సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. జూలై 31న గవర్నర్ సంతకం అయింది, అంటే చట్టం అయింది. ఆగస్టులో హైకోర్టు, ఉన్నది ఉన్నట్టే ఉంచమని స్టేటస్ కో ఇచ్చింది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంటూ ఇంకో బిల్లు పాస్ చేసింది. పాసైన బిల్లు, సంతకమైన చట్టం, రెండూ రెండేళ్లలోపే లేకుండా పోయాయి. మధ్యలో కొన్న ప్లాట్లు మాత్రం కొన్నవాళ్ల నెత్తిన మిగిలాయి.

కోడుమూరు వైపు నుంచి రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన మా దగ్గరికి వచ్చేవాడు. పీఎఫ్ డబ్బుల్లో సగానికి పైగా పెట్టి జగన్నాథగట్టు దగ్గర "హైకోర్టుకు ఎదురుగానే" అని చెప్పిన వెంచర్‌లో ప్లాటు కొన్నాడు. కొన్నాడంటే, రిజిస్ట్రేషన్ కాలేదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు. బ్రోచర్‌లో అసెంబ్లీ ఫోటో ఉంది, కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ నంబరు లేదు, లేఅవుట్ నంబరు ఉండాల్సిన చోట ఫోన్ నంబరు ఉంది. ఆ కాగితాన్ని మడతలు పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చి, "ఎమ్మెల్యే సారు ఒక్క మాట చెప్తే ఆ డబ్బు ఇచ్చేయరా సార్?" అనేవాడు. కోపం రావాల్సింది ఆయన మీద కాదు. ఎమ్మెల్యే సారు ఫోన్ చేయించారు కూడా. కానీ ఆ వెంచర్ మనిషి అప్పటికే నంబరు మార్చేశాడు.

ఇప్పుడు మళ్లీ అదే సీన్. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచ్ పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. మంచిదే, నాకూ సంతోషమే. కానీ తీర్మానం అంటే సభ తన కోరికను చెప్పడం. అది బిల్లు కూడా కాదు. 2014 విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ప్రధాన స్థానం కాకుండా వేరే చోట జడ్జీలు కూర్చోవాలంటే హైకోర్టు చీఫ్ జస్టిస్ నిర్ణయించాలి, గవర్నర్ ఆమోదించాలి. ఎమ్మెల్యే అడగగలడు, ఒత్తిడి తేగలడు, ఢిల్లీ పోయి వినతిపత్రం ఇవ్వగలడు. ఆ సంతకం మాత్రం ఆయనది కాదు. "బెంచ్ వస్తాదా సార్, ప్లాటు కొనుక్కోనా, వద్దా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బెంచ్ సంగతి పక్కన పెట్టండి. బెంచ్ లేకపోయినా ఆ రేటుకు ఆ స్థలం కొనేవాళ్లా? కొనమంటే బయానా ఇవ్వొద్దు. కొంటామంటారా, ముందు ఈసీ (ఆ స్థలం మీద పాత లావాదేవీలు చూపే కాగితం) తీయించండి, కుడా అప్రూవల్ చూడండి, సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో చూడండి.

చట్టం అయి, అమల్లోకి వచ్చాక కూడా ఆగిపోయేవి ఉంటాయి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి, అమ్మకూడదు. 2023లో సవరణ చేసి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే హక్కులు ఇస్తామన్నారు. 13 లక్షల ఎకరాలకు పైగా ఫ్రీహోల్డ్ (అమ్ముకునే హక్కున్న భూమి) అయ్యాయి. 2024లో ప్రభుత్వం మారాక, అందులో అక్రమాలు జరిగాయని ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. చట్టం ఉంది, రిజిస్ట్రారు టేబుల్ మీద పని ఆగింది. సవరణ వార్త చదివి అగ్రిమెంట్లు రాసుకున్నవాళ్ల టెన్షన్ ఏమిటో నేను రోజూ చూశాను.

జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) అయినా అంతే. మన జిల్లాలోని గుండ్రేవుల రిజర్వాయరుకు 2019 ఎన్నికల ముందు జీవో వచ్చింది, శంకుస్థాపన అయింది. రిజర్వాయరు రాలేదు.

అపోహ: సభలో ప్రశ్న వేయడం ఉత్త టైం పాస్

ఇది పై అపోహకు పూర్తి ఎదురు. చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. ప్రశ్న అడిగితే రోడ్డు పడదు, నిజమే. కానీ ప్రశ్న పోయిన మరుక్షణం శాఖలో ఎవరో ఒకరు ఆ ఫైలు వెతకాలి. జవాబు "లేదండి", ఆ కింద "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని వచ్చినా నాకు సంతోషమే. అంతకుముందు కిందిస్థాయి ఆఫీసులో "పైకి పంపినాం" అని తిప్పించుకున్న మాట అబద్ధమని అచ్చులో తేలిపోతుంది కదా. ఆ జవాబు జిరాక్సు పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్తే మాట్లాడే తీరే మారుతుంది. మీ సమస్య మీద జవాబు వచ్చి ఉంటే మా ఆఫీసులో అడిగి కాపీ తీసుకోండి. ఎవరూ అడగరు, అందరికీ వీడియోనే కావాలి.

అపోహ: ఎమ్మెల్యే తలుచుకుంటే సొంతంగా బిల్లు పెట్టి పాస్ చేయించొచ్చు

పెట్టొచ్చు, పాసవడమే కష్టం. పార్లమెంటులోనే స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేటు మెంబర్ బిల్లులు (మంత్రి కాని సభ్యుడు పెట్టేవి) 14, చివరిది 1970లో. ఖజానా మీద భారం పడే బిల్లయితే గవర్నర్ సిఫార్సు లేకుండా సభ పాస్ చేయడానికే లేదు.

అపోహ: బీజేపీ ఎమ్మెల్యే అయితే కేంద్రం నుంచి నేరుగా తెస్తాడు

సీమలో 2024లో ఆ పార్టీ గెలిచింది ఆదోని, ధర్మవరం, జమ్మలమడుగు. రాష్ట్రం మొత్తం మీద 175లో 8. వాళ్లు కేంద్ర మంత్రులను తేలిగ్గా కలవగలరేమో, అది లాభమే. కానీ రైల్వే పని కేంద్ర బడ్జెట్‌లోనే రావాలి, ఎంపీలాడ్స్ (నియోజకవర్గం పనులకు ఎంపీకిచ్చే నిధి) ఏడాదికి 5 కోట్లు ఎంపీ చేతిలోనే ఉంటాయి. ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా రాష్ట్ర అసెంబ్లీలోనే కూర్చుంటాడు.

అపోహ: ఆదోని జిల్లా కావాలంటే అసెంబ్లీలో బిల్లు పెట్టాలి

అవసరం లేదు. 1974 జిల్లాల ఏర్పాటు చట్టం కింద ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తుది నోటిఫికేషన్ ఇస్తే చాలు. 2022లో 13 జిల్లాలు 26 అయింది అలాగే. "బిల్లు ఎందుకు పెట్టలేదు" అని ఎమ్మెల్యేని తిట్టేవాళ్లు, ఆ శక్తిని తొలి నోటిఫికేషన్ వచ్చినప్పుడు అభ్యంతరం రాసివ్వడానికి దాచుకుంటే మేలు.

అపోహ: ల్యాండ్ టైటిలింగ్ చట్టం వల్ల పొలం పోతుంది

భూమి హక్కులు తేల్చడానికి తెచ్చిన ఆ చట్టాన్ని 2024 జూలైలో అసెంబ్లీ రద్దు చేసింది. పెద్దవాళ్లు ఇప్పటికీ పాసుపుస్తకం పట్టుకుని వస్తారు. భయపడకండి. భయపెట్టి "కాగితాలు సరిచేస్తా"నని డబ్బడిగేవాణ్ని ఇంట్లోకి రానివ్వకండి.

అపోహ: ఎమ్మెల్యే లెటర్ ఉంటే సీఎంఆర్ఎఫ్ (ముఖ్యమంత్రి సహాయ నిధి) డబ్బు ఖాయం

లెటర్ సిఫార్సు మాత్రమే. ఎంత ఇవ్వాలో, ఇవ్వాలో వద్దో పైన చూస్తారు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ఇచ్చే ముందు అన్నిటికీ జిరాక్సు తీసి పెట్టుకోండి, ఒకసారి ఇచ్చేశాక అవి మళ్లీ చేతికి రావు. దీనికి ఫీజు లేదు. ఆఫీసు గేటు బయట ఎవరైనా అడిగితే, లోపలికి వచ్చి మాకు చెప్పండి.