రాత్రి ఒంటిగంటకు "రోబో ఉందా" అని అడిగేవాళ్లకు

"అన్నా, మీ ఆస్పత్రిలో రోబో ఉందా?"

రాత్రి ఒంటిగంటకు ఫోన్. అవతల మా నెల్లూరు వైపు కుర్రాడు, సూళ్లూరుపేట దాటి కారు నడుపుతూనే మాట్లాడుతున్నాడు (ముందు దానికి తిట్టాను). వెనక సీట్లో వాళ్ల మేనమామ, పొట్ట చెక్కలా బిగుసుకుపోయి. నేను అడిగింది ఒకటే, ఆయన ఒంటికి వెళ్లి ఎంతసేపైంది? "మధ్యాహ్నం నుంచి లేదన్నా." అంటే కిడ్నీలకు రక్తం సరిగా అందట్లేదు, మనిషి నిలకడగా లేడు. ఇది రోబో కేసు కాదని అక్కడే అర్థమైపోయింది.

నేను చెన్నైలో జనరల్ సర్జన్‌ని, ప్లాన్ చేసుకుని చేసే ఆపరేషన్లు రోబో మీదా చేస్తాను, రాత్రుళ్లు ఎమర్జెన్సీలూ చూస్తాను. గ్రీమ్స్ రోడ్ చుట్టూ లాడ్జీల్లో దిగే మన తెలుగువాళ్లు దారి పొడవునా హోర్డింగులు చూసి వస్తారు కాబట్టి, ఈ మధ్య ఓపీలో రోబో మాట రాని రోజు లేదు. ఎప్పుడూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఆపరేషన్ రోబోనే చేసేస్తుంది, డాక్టర్ బటన్ నొక్కి కూర్చుంటాడు

చేసేది డాక్టరే. మీ పక్కన నాలుగు చేతుల బండి ఉంటుంది, అదే థియేటర్‌లో నాలుగడుగుల దూరంలో కన్సోల్ దగ్గర నేను కూర్చుంటాను, నా వేళ్లు ఎటు తిరిగితే లోపల పరికరం అటు తిరుగుతుంది. చెయ్యి కాస్త వణికినా ఆ వణుకు లోపలికి వెళ్లదు. తుమ్ము వచ్చి తల పక్కకు తీశాననుకోండి, సెన్సర్ కనిపెట్టి చేతులన్నీ ఉన్నచోటే ఆగిపోతాయి. దానంతట అది దారం కూడా కత్తిరించదు.

"అమెరికాలో కూర్చుని ఫ్రాన్స్‌లో ఆపరేషన్ చేశారట కదా" అని ఒకాయన వాదించాడు. నిజమే, 2001 సెప్టెంబర్ 7న ఫ్రెంచ్ సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఒకావిడ గాల్‌బ్లాడర్ తీశాడు. అది ముందుగా అన్నీ సిద్ధం చేసుకుని చేసింది, పైగా పేషెంట్ పక్కనా సర్జన్లు నిలబడి ఉన్నారు. అర్ధరాత్రి కడుపునొప్పితో వచ్చిన మనిషికి అది వర్తించదు.

అపోహ: ప్రాణం మీదకొస్తే రోబోనే బెస్ట్, ఖరీదైంది కదా

ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టే అపోహ, ఎందుకంటే దీన్ని పట్టుకుని జనం దగ్గర్లో ఉన్న మంచి సర్జన్‌ని వదిలేసి 175 కిలోమీటర్లు కారులో వస్తారు.

రోబో అయినా ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పెట్టి చేత్తో చేసే ఆపరేషన్) అయినా ముందు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కించాలి, సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల (బీపీ కొలిచే పాదరసం లెక్కలో) ఒత్తిడితో, లేకపోతే లోపల కెమెరా తిరగడానికి చోటుండదు. ఆ ఒత్తిడికి కాళ్ల నుంచి, పొట్ట నుంచి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. పేగు చిల్లుపడి, చీము ఒళ్లంతా పాకి, బీపీ 80కి దిగి, మందుల మీద నిలబెట్టిన మనిషికి ఆ గ్యాస్ ఎక్కించబోతే నాకంటే ముందు మత్తు డాక్టరే నా చెయ్యి పట్టుకుంటారు. యాక్సిడెంట్‌లో ప్లీహం పగిలి రక్తం పోతూ బీపీ నిలవని వాళ్లదీ ఇదే కథ. అలాంటప్పుడు నడిపొట్ట మీద నిలువుగా కోసి ఒకటి రెండు నిమిషాల్లో లోపలికి చెయ్యి పెట్టాలి, గుడ్డలు కుక్కి రక్తం ఆపాలి. రోబోకైతే డ్రేప్‌లు (క్రిములు లేని ప్లాస్టిక్ తొడుగులు) తొడగాలి, బండి జరపాలి, చేతులు ఒక్కొక్కటే పోర్ట్‌లకు (పొట్టలోకి దించిన గొట్టాలకు) తగిలించాలి. అంత టైమ్ అక్కడ ఉండదు.

వరల్డ్ సొసైటీ ఆఫ్ ఎమర్జెన్సీ సర్జరీ వాళ్ల 2021 పొజిషన్ పేపర్ చెప్పేదీ దాదాపు ఇదే: ఎమర్జెన్సీలో రోబో వాడొచ్చు, కానీ బీపీ, పల్స్ నిలకడగా ఉన్నవాళ్లను జాగ్రత్తగా ఎంచుకుని, అనుభవమున్న టీమ్ చేతుల్లోనే.

అపోహ: అయితే ఎమర్జెన్సీకి రోబో దండగే

ఇది మా సర్జన్లలోనే ఎక్కువ, ముఖ్యంగా సీనియర్లలో. నేనూ మొదట్లో ఇదే అన్నాను, తర్వాత మనసు మార్చుకున్నాను.

నాలుగు రోజులుగా వాచిన గాల్‌బ్లాడర్‌ని తీసుకోండి. జ్వరం ఉంది, బీపీ బాగానే ఉంది. లోపల చూస్తే గాల్‌బ్లాడర్ చుట్టూ కొవ్వు, పేగు, లివర్ అన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ముట్టుకుంటే రక్తం చిమ్ముతూ ఉంటాయి. ల్యాప్రోస్కోపీ పరికరాలు నిటారుగా ఉంటాయి, వాటికి మణికట్టు లేదు. మైలాపూర్‌లో గుడి ముందు మల్లెపూలు కట్టే ఆవిడ మణికట్టుకు కర్ర కట్టేసి ఇప్పుడు మాల కట్టమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రోబో పరికరం కొన లోపలే అన్నివైపులా వంగుతుంది, కెమెరా నేను పెట్టినచోటే కదలకుండా ఉంటుంది, రెండు కళ్లతో లోతు కనిపిస్తుంది. ఆపరేషన్‌కు కొంచెం ముందు నరంలోకి ఐసీజీ రంగు ఎక్కిస్తే అది లివర్ నుంచి పైత్యంలోకి దిగుతుంది, కెమెరా లైట్ మార్చగానే పైత్యనాళం ఆకుపచ్చగా మెరుస్తుంది, దేన్ని కోయకూడదో తెలుస్తుంది. (ఈ రంగు ఇప్పుడు మంచి ల్యాప్రోస్కోపీ కెమెరాల్లోనూ కనిపిస్తుంది, ఇదేదో రోబో సొంతం అనుకోకండి.)

2024లో జామా సర్జరీ అనే అమెరికా వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, అమెరికాలో 2013 నుంచి 2021 దాకా జరిగిన పది లక్షలకు పైగా ఎమర్జెన్సీ ఆపరేషన్ల లెక్కలతో. పెద్దపేగు ఆపరేషన్లలో మధ్యలో వదిలేసి పొట్ట కోయాల్సి వచ్చింది ల్యాప్రోస్కోపీలో వందకు దాదాపు 25 మందికి, రోబోలో 11 మందికి. గాల్‌బ్లాడర్‌లో తేడా చిన్నది, 3 శాతం, 1.7 శాతం. ఇరుక్కుపోయిన హెర్నియాల్లోనూ రోబోదే పైచేయి. అయితే ఎవరికి రోబో పెట్టాలో ఎంచుకున్నది సర్జన్లే, చీటీలు తీసి కాదు. కాస్త నిలకడగా ఉన్నవాళ్లే రోబో వైపు వెళ్లి ఉంటారు కదా. దాన్ని గుర్తుపెట్టుకుని చదవాలి.

అపెండిక్స్‌కు మాత్రం నా సొంత అభిప్రాయం, మామూలు ల్యాప్రోస్కోపీ చాలు. మూడు చిన్న రంధ్రాలతో అయిపోయే పనికి అంత బండి ఎందుకు?

అపోహ: రోబోతో చేస్తే పొరపాటే జరగదు

2023లో అదే జామా సర్జరీలో ఇంకో పేపర్ వచ్చింది. గాల్‌బ్లాడర్ తీయించుకున్న పది లక్షల పైచిలుకు అమెరికన్ మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) పేషెంట్లలో పైత్యనాళం దెబ్బతిని, సరిచేయాల్సి వచ్చింది ల్యాప్రోస్కోపీలో వెయ్యికి ఇద్దరికి, రోబోలో ఏడుగురికి. మేమెవ్వరం ఊహించనిది. నేర్చుకునే దశలో ఉన్న చేతులు కారణమా, ఇంకేదైనానా అని వాదనలు నడుస్తూనే ఉన్నాయి కానీ అంకె అంకే.

స్పర్శ విషయం కూడా చెప్పాలి. మేమందరం వాడుతున్న మోడళ్లలో చేతికి ఏమీ తెలియదు, దారం ఎంత బిగిసిందో కంటితో చూసి అంచనా వేయాలి. కొత్తలో నేను ముడి వేస్తుంటే దారం ఠప్‌మని తెగేది. దారమైతే ఇంకోటి తీసుకుంటాం, రక్తం ఆడక నల్లబడిన పేగు తడి కాగితంలా ఉంటుంది, దాన్ని తెలియకుండా లాగితే చిరుగుతుంది. 2024లో అమెరికాలో అనుమతి వచ్చిన డావిన్సీ 5 అనే కొత్త రోబో మోడల్‌లో కొంత బలం చేతికి తెలిసే ఏర్పాటు పెట్టారు.

అపోహ: మధ్యలో పొట్ట కోశారంటే రోబో ఫెయిలైనట్టే

కాదు. చీము, అతుకులు చూసి ఇక దీనితో కుదరదని సర్జన్ తెలుసుకోవడం అది. కోయకుండా మొండిగా లాగేవాళ్లంటేనే నాకు భయం.

అపోహ: రోబో ఉన్న ఆస్పత్రిలో 24 గంటలూ రోబో సర్జరీ చేస్తారు

యంత్రం 24 గంటలూ ఉంటుంది. దాని మనుషులు సాయంత్రానికి ఇళ్లకు వెళ్తారు.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒకచోట రాత్రి పదకొండింటికి గాల్‌బ్లాడర్ కేసు, రోబోతోనే చేద్దామని మొదలుపెట్టాం. ట్రైనింగ్ ఉన్న నర్సమ్మ డ్యూటీ అయిపోయి తాంబరం వెళ్లిపోయింది. ఉన్న అమ్మాయి పాపం ఎప్పుడో ఒకసారి చూసింది. మూడో చేతికి డ్రేప్ తొడుగుతుంటే అది పైనున్న లైట్‌కు తగిలింది, స్టెరైల్ పోయింది, తీసి పారేసి మళ్లీ మొదలు. పేషెంట్‌ను ఏ వైపు ఒంచి పెట్టాలో ముందు చూసుకోలేదు, మామూలు టేబుల్ మీద ఒకసారి చేతులు తగిలించాక టేబుల్ కదపకూడదు, అందుకని మళ్లీ విప్పాం. యాభై నిమిషాలు పోయాక మత్తు డాక్టర్ గడియారం చూసి, "సార్, ఇంకా ఎంతసేపు?" అన్నారు. రోబో పక్కకు నెట్టి ల్యాప్రోస్కోపీతో పూర్తిచేశాం. ఆవిడ మూడో రోజు ఇంటికెళ్లింది, తప్పు మాత్రం నాది. మొదలుపెట్టే ముందే రాత్రి టీమ్‌లో ఎవరున్నారో అడగాల్సింది. మీరూ "రోబో ఉందా" అని కాకుండా, "ఈ రాత్రి దాన్ని నడిపే టీమ్ ఉందా, అత్యవసరమైతే చేతులు విప్పి పక్కకు జరపడం వాళ్లు ప్రాక్టీస్ చేశారా" అని అడగండి. డాక్టర్‌కు కోపం వస్తే రానివ్వండి.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు

"రోబోకి ఇన్సూరెన్స్ రాదు" అన్నది పాత మాట. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనలతో 2020 అక్టోబర్ నుంచి రోబోటిక్ సర్జరీని పాలసీ నుంచి మొత్తంగా తీసేయడానికి వీల్లేదు, కానీ కంపెనీలు దానికి విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. పది లక్షల పాలసీ ఉన్నా రోబోకి ఇంతే అని లోపలి పేజీలో ఉండొచ్చు. ఎమర్జెన్సీలో ఆ పేజీ చదివే తీరిక ఉండదు, ఇవాళే ఒకసారి తిరగేయండి.

ఆ సూళ్లూరుపేట మేనమామ సంగతి చెప్పలేదు కదూ. వచ్చేసరికి రెండున్నర, అల్సర్‌కు చిల్లు, పొట్టనిండా పసుపుపచ్చ నీళ్లు. నిలువుగా కోసి, చిల్లు మీద ఒమెంటం అనే కొవ్వు పొరను కప్పి కుట్టి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి ఐసీయూకి పంపాం. పదకొండో రోజు డిశ్చార్జ్. ఆ రోజు కుర్రాడు సిగ్గుపడుతూ, ఆ రోబోని ఒక్కసారి చూపిస్తావా అన్నా అన్నాడు. థియేటర్ తలుపు అద్దంలోంచి చూపించాను. ప్లాస్టిక్ కవర్ కప్పుకుని మూలన నిలబడి ఉంది. కాసేపు చూసి, "ఇంత పెద్దదా, మేం వచ్చిన కారే నయం" అన్నాడు.