పాత కెమెరా కొత్త లాప్‌టాప్‌తో ఎందుకు మాట్లాడదు?

చిన్నీ, బుజ్జీ,

సంక్రాంతికి తీసిన ముగ్గుల ఫోటోలు కెమెరాలోనే ఉండిపోయాయని రాశారు. పాత కంప్యూటర్‌కి కేబుల్ పెడితే వస్తున్నాయి, కొత్త లాప్‌టాప్‌కి పెడితే రావడం లేదు, "కెమెరా పాడైపోయిందా తాతయ్యా?" అని అడిగారు. పాడవలేదమ్మా.

మా నాయనమ్మ పొద్దస్తమానం వీధి అరుగు మీదే కూర్చునేది. "ఎవరబ్బాయివి? ఏం పని మీద వచ్చావు?" అని అడిగి గానీ ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. కంప్యూటరూ అంతే. కేబుల్ పెట్టగానే "ఏ కంపెనీ? ఏ వస్తువు?" అని అడుగుతుంది. కెమెరా తన నంబర్లు చెప్పుకుంటేనే లోపలికి రానిస్తుంది.

కేబుల్ ద్వారా ఈ మాటలు నడిచే పద్ధతి పేరు యూఎస్‌బీ. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 48 కోట్ల బిట్లు, అంటే సమాచారపు చిన్న చిన్న ముక్కలు. 2008లో వచ్చిన 3.0 వేగం 500 కోట్లు. పాతవాళ్ల కోసం కొత్త పోర్టులో పాత దారి కూడా ఉంచారు. కానీ అరుగు మీద కూర్చున్నది కొత్త మనిషి. పాత కెమెరా జవాబు కాస్త తడబడితే చాలు, "నువ్వెవరో తెలీదు" అనేస్తుంది.

మా నాయనమ్మయితే ఆగేది. మా ఊరికి వచ్చే గాజులాయనకి నత్తి. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆవిడ చూపు తిప్పేది కాదు, ఆ తర్వాతే మలారం విప్పమనేది. మీరూ ఎవరైనా మెల్లగా మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి.

ముందు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, కెమెరాతో వచ్చిన కేబులే పెట్టండి. కొన్ని ఛార్జింగ్ కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, మాటలు మోసేవి ఉండవు. కెమెరా మెనూలో యూఎస్‌బీ దగ్గర పీటీపీ (ఫోటోలు పంపే ఒక పద్ధతి) అని ఉంటే మాస్ స్టోరేజ్‌కి (కెమెరా పెన్‌డ్రైవ్‌లా కనిపించే పద్ధతికి) మార్చి చూడండి. అయినా రాకపోతే పాత యూఎస్‌బీ 2.0 హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులు చేసే చిన్న డబ్బా) ఒకటి మధ్యలో పెట్టండి. అది "మనవాడేలే, రానివ్వు" అని చెప్పే పక్కింటి పిన్నిగారు. చాలాసార్లు దాంతోనే పనైపోతుంది. అదీ కుదరకపోతే కెమెరా ఆఫ్ చేసి, కార్డు తీసి కార్డ్ రీడర్‌లో పెట్టండి. ఫార్మాట్ చేయమంటారా అని లాప్‌టాప్ అడిగితే మాత్రం వద్దనండి, ఫోటోలన్నీ పోతాయి.

ఇంకో పని చేయండి. కెమెరా కేబుల్‌నీ, లోపల నీలం రంగున్న కొత్త పెన్‌డ్రైవ్‌నీ పక్కపక్కన పెట్టి, వెలుతురులో వాటి మూతుల్లోకి చూడండి. కేబుల్‌లో నాలుగే రేకులు కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఆ నాలుగూ ఉంటాయి. వాటి వెనక లోపలగా ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. పిన్నుతో మాత్రం పొడవకండి.

మీ తాతయ్య