అంచనా ఆఫర్‌గా మారినప్పుడు

ఏఐ చెప్పినదాన్ని కాదనే అధికారం కంపెనీలో ఎవరికి ఉండాలి? ఈ వాదన మళ్లీ రాజుకుంది. రుణాలు, ఉద్యోగ నియామకాల్లాంటి చోట్ల వాడే ఏఐకి మనిషి పర్యవేక్షణ తప్పనిసరి అంటూ యూరప్ ఏఐ చట్టంలో పెట్టిన నిబంధనలు మొదటి లెక్క ప్రకారం 2026 ఆగస్టు 2 నుంచి అమల్లోకి రావాలి. వాటిని వెనక్కి జరుపుదామని 2025 నవంబరులో యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది. సాంకేతిక ప్రమాణాలు ఇంకా సిద్ధం కాలేదన్నది అప్పుడు కమిషన్ చెప్పిన కారణం. భారం తగ్గించాలని కంపెనీలు అంతకుముందు నుంచే అడుగుతున్నాయి. మధ్యలో మనిషిని కూర్చోబెడితే ఏఐ పెట్టుకున్న ప్రయోజనమే పోతుందన్నది ఆ పక్షంలో గట్టిగా వినిపించే మాట.

నిజానికి ఆ చట్టం ప్రతి నిర్ణయానికీ ఒక సంతకం అడగడం లేదు. యంత్రం ఇచ్చిన ఫలితాన్ని పక్కన పెట్టడానికి, తిరగరాయడానికి, అవసరమైతే యంత్రాన్నే ఆపడానికి ఒక మనిషికి వీలుండాలంటోంది. ఆ వీలు ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే కంప్యూటర్ల పుట్టుక దాకా వెళ్లనక్కర్లేదు. 2021లో అమెరికాలో ఒక కంపెనీ గడిపిన తొమ్మిది నెలలు చూస్తే చాలు.

ఆ కంపెనీ జిల్లో అనే ఇళ్ల వెబ్‌సైట్. ఇళ్ల ధరలకు అది 2006 నుంచి జెస్టిమేట్ పేరుతో అంచనాలు ఇస్తోంది. చూసినవాళ్లలో నమ్మేవాళ్లు నమ్మారు, నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు. అంకె తప్పయితే కంపెనీ జేబులోంచి పోయేదేమీ లేదు. దాన్ని మెరుగుపరచడానికి పది లక్షల డాలర్ల బహుమతితో పోటీ కూడా పెట్టింది. ఇళ్లను తానే కొని, బాగుచేసి, తిరిగి అమ్మే వ్యాపారంలోకి 2018లో దిగింది.

నా దృష్టిలో అసలు మలుపు 2021 ఫిబ్రవరి. ఇరవైకి పైగా ప్రాంతాల్లో, అర్హత ఉన్న ఇళ్లకు జెస్టిమేట్ అంకెనే ప్రాథమిక కొనుగోలు ధరగా ఇస్తామని జిల్లో అప్పుడు ప్రకటించింది. అంకె అదే, దాన్ని తయారుచేసే పద్ధతీ అదే. కానీ నిన్నటిదాకా సమాచారంగా ఉన్నది ఆ రోజు నుంచి డబ్బు ఖర్చు పెట్టే మాట అయింది.

ఆ మార్పుతో ఏం బయటపడిందో లెక్కల్లో చూడాలి. అమ్మకానికి పెట్టిన ఇళ్ల విషయంలో, అమ్ముడైన ధరకూ జెస్టిమేట్‌కూ మధ్యస్థ తేడా (మీడియన్) 2 శాతం లోపేనని కంపెనీ చెప్పేది. అంటే సగం ఇళ్లకు అంతకన్నా తక్కువ, మిగతా సగానికి ఎక్కువ. అమ్మకానికి పెట్టని ఇళ్లకు అదే తేడా 7 శాతం దగ్గర ఉండేది. ఎందుకింత వ్యత్యాసం? ఇల్లు అమ్మకానికి పెట్టగానే యజమాని అడిగే ధర కూడా డేటాలో చేరుతుంది. గోడకు ఎక్కడ చెమ్మ పట్టిందో, పక్కింటి గొడవేమిటో తెలిసిన మనిషి వేసుకున్న లెక్క అది. 2 శాతం అనే గొప్ప అంకెలో మనిషి తెలివి కూడా కలిసే ఉందన్నమాట. జిల్లో కొన్నది ఎక్కువగా యజమానుల దగ్గర నేరుగా, బయట అమ్మకానికి పెట్టకముందే. లాభం ఇంటి ధరలో కొద్ది శాతమే మిగిలే వ్యాపారంలో 7 శాతం తేడా చిన్నది కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఒక ఇంటికి ఎక్కువ, ఇంకో ఇంటికి తక్కువ పలికితే సగటున సరిపోతుందని కాగితం మీద అనిపిస్తుంది. కానీ తక్కువ ధర విన్న యజమాని తలుపు వేసుకుంటాడు. ఎక్కువ ధర విన్నవాడు వెంటనే సంతకం పెడతాడు. మోడల్ చేసిన తప్పుల్లో కంపెనీకి నష్టం తెచ్చేవే ఏరుకున్నట్టు దాని చేతికొస్తాయి. ఎంత డేటా పోసినా ఇది దానంతట అది పోదు. ఎదుటివాడు ఎందుకు ఇంత తొందరగా ఒప్పుకుంటున్నాడని ఆగి అడిగే మనిషి కావాలి.

అలా అడగాల్సిన నిపుణులు జిల్లోలో ఉన్నారు. వేగం పెంచే క్రమంలో, అల్గారిథం ఇచ్చిన ధరను వాళ్లు సవరించే వెసులుబాటును కంపెనీ తగ్గించిందని వాల్ స్ట్రీట్ జర్నల్ ఆ తర్వాత రాసింది. ఆ ఏడాది మూడో త్రైమాసికంలో కొన్న ఇళ్లు 9,680. అమ్మినవి 3,032. అక్టోబరులో కొత్త కొనుగోళ్లు ఆపినప్పుడు పనివాళ్లు, సామగ్రి దొరకడం లేదన్నారు. నవంబరు 2న వ్యాపారాన్నే మూసేస్తున్నామని చెప్పారు. చేతిలోని ఇళ్ల విలువ 30.4 కోట్ల డాలర్లు తగ్గించి రాసుకున్నారు. సిబ్బందిలో నాలుగో వంతు మందికి ఉద్యోగాలు పోయాయి. ధరల ఒడుదొడుకులు తాము ఊహించినదానికన్నా చాలా ఎక్కువన్నది సీఈఓ రిచ్ బార్టన్ వివరణ.

కరోనా తర్వాతి మార్కెట్ నిజంగానే అదుపు తప్పింది కాబట్టి ఆ వివరణలో నిజముంది. యంత్రం పక్షాన మాట్లాడేవాళ్ల దగ్గరా బలమైన ఆధారమే ఉంది. మనుషుల అంతర్బుద్ధి కన్నా సాదాసీదా గణాంక సూత్రాలు తరచూ మెరుగ్గా అంచనా వేస్తాయని మనస్తత్వవేత్త పాల్ మీల్ 1954లోనే చూపించారు. దాన్ని ఎవరూ కాదనక్కర్లేదు. అయితే ఆయన పోల్చింది అంచనాలను. అంచనా తప్పినప్పుడు సొమ్ము ఎవరిది పోతుంది, జవాబు ఎవరు చెప్పాలి అన్నవి వేరే ప్రశ్నలు.

ఆ ప్రశ్నల మీదే తర్వాత కోర్టుల్లో నడిచింది. జర్మనీలో షూఫా అనే సంస్థ రుణగ్రహీతలకు స్కోర్లు ఇస్తుంది. మేమిచ్చేది స్కోరు మాత్రమే, నిర్ణయం బ్యాంకుదని అది వాదించింది. బ్యాంకు ఆ స్కోరు మీదే ప్రధానంగా ఆధారపడితే స్కోరే నిర్ణయం అవుతుందని 2023 డిసెంబరు 7న యూరప్ న్యాయస్థానం తేల్చింది. జిల్లో డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది ఇక్కడ చట్టం భాషలోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కెనడాలో చాట్‌బాట్ తప్పుడు సమాచారంతో నష్టపోయిన ప్రయాణికుడికి ఎయిర్ కెనడా పరిహారం కట్టాల్సి వచ్చింది. చాట్‌బాట్ మాటలకు తమ బాధ్యత లేదన్న వాదన ట్రిబ్యునల్ ముందు నిలవలేదు.

ఈ రెండు తీర్పులూ నష్టం జరిగాక, ఎవరో ఒకరు ఓపిగ్గా కేసు నడిపితే వచ్చినవి. ఏఐ చట్టం పెట్టిన పర్యవేక్షణ నిబంధన అలాంటిది కాదు. యంత్రాన్ని వాడకముందే, దాని పరిమితులు తెలిసిన మనిషిని, కాదనే అధికారంతో సహా నియమించమంటుంది. కమిషన్ ప్రతిపాదనలో దానికి పెట్టిన కొత్త గరిష్ఠ గడువు 2027 డిసెంబరు 2.