పంజరం కింద కాగితం

చిత్తూరు పల్లెల్లో నాటుకోళ్లు పెంచేవారికి రెట్ట చూడమని ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున గంప ఎత్తగానే వారి చూపు నేల మీదికే పోతుంది. నెత్తురు కలిసి ఉంటే రక్తపారుడు, ఆకుపచ్చగా నీళ్లలా ఉంటే రానిఖేత్ తెగులు అనుమానం. అదే తిరుపతిలో బాల్కనీలో లవ్ బర్డ్స్ పెంచుకునేవారు పంజరం కింది కాగితాన్ని ముక్కు మూసుకుని మడిచి చెత్తబుట్టలో వేస్తారు. నిజానికి చిలుక జాతి పక్షుల రెట్టకు వాసన ఉండదనే చెప్పాలి. ముక్కు మూసుకోవలసి వచ్చిందంటే అదే మొదటి హెచ్చరిక.

అలాగని కోడి పెంపకంలో నేర్చినదంతా చిలుకకు పనికిరాదు. కోడికి పేగు చివర అంధనాళాలు ఉంటాయి. అవి ఖాళీ అయినప్పుడు ముదురు గోధుమ రంగులో, జిగటగా, కంపుకొట్టే రెట్ట పడుతుంది. కోడికి అది మామూలే. చిలుక జాతికి ఆ నాళాలు లేవు కాబట్టి దానికి అలాంటిది పడకూడదు. ఇక్కడ చిలుక అంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీ (మనం లవ్ బర్డ్స్ అనేది ఎక్కువగా దీన్నే), కాకటీల్ వంటివే. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అక్షరాలు లేని తెల్లకాగితం పరిచి, ఒక తాజా రెట్టను దగ్గరగా చూడండి. సన్నని దారంలా చుట్టుకున్న ఆకుపచ్చ లేదా గోధుమ రంగు భాగం మలం. దాని మీదో పక్కనో సున్నంలాంటి తెలుపు. చుట్టూ కాగితం పీల్చుకున్న తడి వలయం. పక్షికి మలానికీ మూత్రానికీ వేర్వేరు దారులు లేవు. రెండూ అవస్కరం అనే ఒకే గదిలోకి చేరి కలిసే బయటికి వస్తాయి. ఆ తెలుపూ తడీ రెండూ మూత్రంలో భాగాలే.

మూత్రం తెల్లగా ముద్దలా ఎందుకుండాలి? మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజనిని మన శరీరం యూరియాగా మార్చి నీటిలో కరిగించి పంపేస్తుంది. పక్షి దాన్ని యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది నీటిలో కరగదనే చెప్పవచ్చు. పెంకులో మూసుకుపోయిన పిల్లకు ఇదే రక్ష. యూరియా అయితే కరిగి దాని చుట్టూ విషంలా పేరుకుంటుంది. యూరిక్ ఆమ్లమైతే గట్టిపడి ఒక సంచిలో పక్కన పడి ఉంటుంది. గోడ మీది బల్లిదీ ఇదే పద్ధతి. దాని నల్లని రెట్ట కొసన తెల్లచుక్క ఉండేది అందుకే.

జనం కంగారుపడేది మాత్రం మలం రంగు చూసి. అది చాలావరకు తిండి రంగే. బీట్‌రూట్ పెడితే ఎర్రగా, పాలకూర పెడితే పచ్చగా వస్తుంది. మామిడికాయల కాలంలో తోతాపురి ముక్క పెట్టిన రోజు రంగూ మారుతుంది, తడీ పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు పక్షి ఎక్కువ నీళ్లు తాగినా తడి వలయం వెడల్పవుతుంది. దారం చుట్ట చెదరకుండా ఉండి చుట్టూ నీరు మాత్రమే పెరిగితే అది విరేచనం కాదు, మూత్రం ఎక్కువైంది, అంతే. పుచ్చకాయ తిన్న పూటయితే ఫరవాలేదు. ఏ పండూ పెట్టకుండా రోజుల తరబడి అలాగే ఉంటే మూత్రపిండాల జబ్బు, మధుమేహం, సీసం లేదా జింకు విషం వంటివి ఆలోచించాలి. చుట్టే పేరులేకుండా జావలా పడితే అప్పుడది విరేచనం. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర పొడిచేసి పెట్టే అలవాటు కొందరికి ఉంది. ముప్పై, నలభై గ్రాముల ప్రాణికి అది వైద్యం కాదు.

నా లెక్కలో ముందు చూడవలసింది తెలుపును. కాలేయం చెడితే మనిషికి కళ్లు పచ్చబడతాయి. పాత ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థాన్ని మన శరీరం పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మార్చడం వల్ల వచ్చే రంగది. పక్షుల్లో ఆ మార్పు జరగదనే చెప్పాలి. కాబట్టి కాలేయం దెబ్బతిన్న చిలుకలో తెలుపు కాస్తా ఆకుపచ్చగానో, ఆవపసుపుగానో తేలుతుంది. నీళ్లలో విటమిన్ చుక్కలు కలిపినా లేత పసుపు రావచ్చు. చుక్కలు మానేశాక కూడా రంగు తగ్గకపోయినా, పక్షి ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చున్నా ఆగకూడదు. సిటకోసిస్ అనే జబ్బులోనూ నిమ్మపచ్చ రెట్ట పడుతుంది. దాన్ని తెచ్చే బ్యాక్టీరియా ఎండిన రెట్ట ధూళితో మనిషి ఊపిరితిత్తులకూ పాకుతుంది. అందుకే పంజరం అడుగును పొడిగా గీకకుండా తడిపి తుడవాలి.

రెట్టలో గింజలు గింజలుగానే కనిపిస్తే కందనకాయ సరిగా నూరడం లేదనో, దానికి ముందున్న జీర్ణాశయంలో జబ్బుందనో అర్థం. నల్లగా తారులా ఉంటే లోపల పైభాగంలో ఎక్కడో నెత్తురు కారుతున్నట్టు అనుమానించాలి.

రెట్టలు తగ్గిపోవడాన్ని మాత్రం చాలామంది గమనించరు. బడ్జీ రోజుకు పాతిక నుంచి యాభై సార్లు రెట్ట వేస్తుంది. అవి సగానికి పడిపోయి, చిన్నవై, ముదురు ఆకుపచ్చకు తిరిగాయంటే పేగులోకి తిండి దిగడం లేదు, పిత్తం ఒక్కటే దిగుతోంది. యజమాని గిన్నె చూసి నిండుగానే ఉందనుకుంటాడు. ఊదితే పొట్టంతా ఎగిరిపోయి అడుగున నాలుగు కొర్రలు మిగులుతాయి. గుడ్డు పెట్టబోయే ఆడపక్షి సంగతి వేరు. అది చాలాసేపు ఆపుకుని ఒకేసారి పెద్ద ముద్ద వేస్తుంది. రాత్రంతా ఆగిన ఏ పక్షికైనా పొద్దుటి మొదటి రెట్ట పెద్దదిగానే ఉంటుంది. వీటికి బెదరనక్కర్లేదు.

1955లో మొదలైన పశువైద్య కళాశాల తిరుపతిలోనే ఉంది కాబట్టి ఈ ప్రాంతం వారికి సలహాకు కొరత లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. పక్షి తన మూత్రాన్ని అవస్కరం నుంచి వెనక్కి పేగులోకి పంపి, అందులోని నీటిని తిరిగి పీల్చుకుంటుంది. ఆటోలో కుదుపులకు, హారన్లకు బెదిరిన పక్షి అంతదాకా ఆగదు. వైద్యుడి బల్ల మీద అది వేసే రెట్ట చాలాసార్లు నీళ్లనీళ్లగానే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఆ రోజు పొద్దున పరిచిన కాగితాన్నే తీసుకెళ్లాలి. దారిలో తడి వలయం ఆరిపోతుంది కనుక బయలుదేరేముందు ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోవాలి.