టైటన్ సరస్సులు: రాడార్‌లో నల్లగా కనిపించిన నేల కథ

శని ఉపగ్రహం టైటన్ మీద సరస్సులు, సముద్రాలు ఉన్నాయని ఇప్పుడు మామూలుగా చెప్పేస్తున్నాం. వాటిలో ఉన్నది నీళ్లు కాదు, ద్రవ మీథేన్, ఈథేన్ అని కూడా కలుపుతాం. ఈ మాట రూఢి కావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. ఆ దారిలో ఆరితేరిన శాస్త్రవేత్తలే ఒకటి రెండుసార్లు తప్పులో కాలేశారు.

టైటన్ గాలిలో మీథేన్ ఉందని ఖగోళ శాస్త్రవేత్త గెరార్డ్ కైపర్ 1944లోనే కనిపెట్టాడు. దాన్ని దగ్గర నుంచి చూసే అవకాశం 1980 నవంబరు 12న వచ్చింది. టైటన్ పక్కగా పోవడం కోసమే నాసా వ్యోమనౌక వాయేజర్-1 దారిని మలిచారు, అందుకు ప్లూటో వైపు వెళ్లే వీలును కూడా వదులుకున్నారు. తీరా కెమెరాకు చిక్కింది నారింజ రంగు పొగ మాత్రమే. నేల జాడే లేదు. అయినా ఆ ప్రయాణం వృథా పోలేదు. వాయేజర్ రేడియో సంకేతాలు టైటన్ గాలిలోంచి వచ్చిన తీరును బట్టి అక్కడ చలి మైనస్ 180 డిగ్రీల దగ్గర అని, గాలి ఒత్తిడి భూమి మీద కంటే ఒకటిన్నర రెట్లు అని తేలింది. ఆ చలిలో, ఆ ఒత్తిడిలో మీథేన్ ద్రవంగా ఉండగలదు.

అక్కడే ఒక చిక్కుముడి పడింది. సూర్యకాంతి మీథేన్‌ను విడగొడుతూనే ఉంటుంది. ఆ లెక్కన గాలిలో ఉన్నదంతా కొన్ని కోట్ల ఏళ్లలో అయిపోవాలి. అయిపోలేదంటే ఎక్కడో నిల్వ ఉండాలి. పైగా విడిపోయిన మీథేన్ నుంచి పుట్టే ఈథేన్ కిందికి దిగి పోగుపడాలి. 1983లో లూనైన్, స్టీవెన్‌సన్, యుంగ్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్కనే సాగదీసి, టైటన్ అంతటినీ కప్పేసే ఈథేన్ సముద్రం, లోతు కిలోమీటరో ఇంకా ఎక్కువో ఉంటుందని ప్రతిపాదించారు. తర్కంలో లోపమేమీ లేదు, అందుకే చాలామంది నమ్మారు.

ఆ సముద్రాన్ని ఆవిరి చేసింది భూమి మీది రాడారే. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి టైటన్‌కు సంకేతాలు పంపి, తిరిగొచ్చినవాటిని న్యూ మెక్సికోలోని రేడియో టెలిస్కోపులతో పట్టారు. అంతా ద్రవమే అయితే చాలా కొద్దిగా తిరిగి రావాలి. వచ్చింది అంతకంటే బాగా ఎక్కువ. 1990లో ఈ ఫలితాలు అచ్చయ్యాక సముద్రం ఊహ వెనక్కి తగ్గింది. 2003లో ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్‌కు టైటన్ భూమధ్యరేఖ దగ్గరి ప్రాంతాల్లో అద్దం మీంచి వచ్చినట్టు మెరుపులు కనిపించడంతో మళ్లీ ఆశ పుట్టింది. తర్వాత కసీని వ్యోమనౌక వెళ్లి చూస్తే ఆ చోట్ల ద్రవమేమీ లేదు!

కసీని 2004లో శనిని చేరింది. మరుసటి ఏడాది జనవరి 14న దాని వెంట వెళ్లిన హైగెన్స్ అనే చిన్న నౌక టైటన్ మీద దిగింది. అక్కడ ఏటి అడుగున దొరికేలాంటి నున్నటి మంచు రాళ్లు కనిపించాయి కానీ ద్రవం కనిపించలేదు. చివరికి 2006 జూలై 22న అసలు దృశ్యం దొరికింది.

అప్పుడు ఉత్తర ధ్రువంలో ఏళ్ల తరబడి సాగే చలికాలపు చీకటి. మామూలు కెమెరాకు అక్కడ పని లేదు. రాడార్‌కు ఎండతో నిమిత్తం లేదు, తన వెలుగు తానే తీసుకెళ్తుంది. దాని 2.2 సెంటీమీటర్ల తరంగాలకు ఆ పొగ అడ్డే కాదు. కసీని వాటిని ఏటవాలుగా పంపింది. గరుకు నేల తగిలితే కొంత వెనక్కి చెదురుతుంది, నున్నటి ద్రవం తగిలితే అటు పక్కకు జారిపోతుంది. తిరిగి రానిచోటు బొమ్మలో నల్లగా పడుతుంది. అలాంటి నల్ల మచ్చలు 75కి పైగా కనిపించాయి.

నలుపు ఒక్కటే చాలదు. నున్నటి పొడి నేల కూడా నల్లగానే పడుతుంది. అరెసిబో అనుభవం తర్వాత తొందరపడితే ఎవరు నమ్ముతారు? మచ్చల అంచులు ఒడ్డుల్లా ఉండటం, కొన్నింటిలోకి కాలువలు వచ్చి కలవడం చూశాకే సరస్సులన్న మాటకు బలం వచ్చింది. 2008లో కసీనిలోని మరో పరికరం టైటన్ దక్షిణాన ఉన్న, ఒంటారియో అని పేరు పెట్టిన సరస్సులో ద్రవ ఈథేన్‌ను గుర్తించింది.

నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప ఘట్టం 2013 మే 23న జరిగింది. ఆ రోజు కసీని రాడార్‌ను టైటన్ ఉత్తరాన ఉన్న లైజియా సముద్రం మీద నేరుగా కిందికి గురిపెట్టారు. ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి అది, సముద్రాల లోతు కోసం చేసింది కాదు. తర్వాత ఆ సమాచారాన్ని మార్కో మాస్ట్రోజూసెప్పే బృందం జాగ్రత్తగా జల్లెడ పడితే ఒక్కో సంకేతానికి రెండేసి జవాబులు దొరికాయి. ఒకటి ద్రవం పైభాగం నుంచి, రెండోది అడుగు నుంచి. వాటి మధ్య తేడా మైక్రోసెకను, అటూ ఇటూ. దాన్నిబట్టి లోతు 160 మీటర్ల వరకు అని లెక్క తేలింది.

మన సముద్రం మీద ఇదే రాడార్‌తో ఈ పని కుదరదు. ఉప్పు నీరు ఆ తరంగాలను పైపైనే మింగేస్తుంది. లైజియాలోని ద్రవం అడుగుదాకా పోనిచ్చి, తిరిగి పైకి రానిచ్చింది. అంటే అది చాలా స్వచ్ఛం. ఈథేన్ ఎక్కువ ఉంటుందనుకున్నవారికి ఇక్కడ మళ్లీ ఆశ్చర్యం, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం మీథేనే.

2017 ఏప్రిల్ 22న చివరిసారి టైటన్ దగ్గరగా పోతూ కసీని ఉత్తరాన ఉన్న చిన్న సరస్సుల లోతూ చూసింది. కొన్ని వంద మీటర్లు దాటాయి. సెప్టెంబరు 15న అది శనిలోకి దూకి ముగిసిపోయింది. దాని సమాచారాన్ని ఇంకా తవ్వుతూనే ఉన్నారు. కసీని పంపిన సంకేతాలు సముద్రాల మీద పడి భూమికి చేరిన తీరును చూసి, అలలు కొన్ని మిల్లీమీటర్లే అని 2024లో ఒక అధ్యయనం చెప్పింది.

నాసా తర్వాతి వ్యోమనౌక డ్రాగన్‌ఫ్లై 2028లో బయలుదేరి 2034లో టైటన్ చేరాలి. అది దిగేది సముద్రాల దగ్గర కాదు, భూమధ్యరేఖ వైపు ఇసుక దిబ్బల మధ్య. ఆ సమయానికి ఉత్తర ధ్రువంలో మళ్లీ చలికాలమే. అక్కడి నుంచి భూమి కూడా కనిపించదు కాబట్టి నేరుగా కబురు పంపే దారి ఉండదు. 2006లో రాడార్ తొంగిచూసిన ఆ చీకటే ఇప్పుడు మళ్లీ ఆ సరస్సులను కమ్ముకుంటోంది.