పాత లారీ స్టార్ట్ కాకపోతే పంపే పోయిందా? అపోహలు, వాస్తవాలు

తాడిపత్రి, అనంతపురం ప్రాంతాల్లో నాపరాళ్లు, సిమెంటు తోలే పాత లారీల యజమానులు నా దగ్గరికి వచ్చేసరికే కారణం ఏమిటో ఎవరో ఒకరు తేల్చేసి ఉంటారు. "పంపు పోయిందంటాండారన్నా, ఎంతవుతాది?" అన్నదే వారి మొదటి ప్రశ్న. పంపు అంటే సిలిండర్లకు డీజిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు. బండి షెడ్డు ముందు ఆగిపోయి, ఫైనాన్సు కంతులు మాత్రం నెలనెలా కట్టాల్సి వస్తున్నప్పుడు మనిషి ఎవరు ఏది చెప్పినా నమ్ముతాడు. ఆ ఆందోళనను నేను తప్పు పట్టను. ఒక్క పరీక్ష కూడా చేయకుండా, సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) తిరిగే శబ్దం విని "పంపు దించాల్సిందే" అని తీర్పు చెప్పేసేవారి మీదే నాకు కోపం.

పాత ఆరు సిలిండర్ల లారీల్లో ఉండేది ఇన్‌లైన్ పంపు, అంటే సిలిండరుకొక ప్లంజరు (డీజిల్‌ను తోసే చిన్న కడ్డీ) వరుసగా ఉండే రకం. కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మన షెడ్లలో అది ఇప్పటికీ మైకో పంపే. శుభ్రమైన డీజిల్, మంచి ఆయిల్ అందినంత కాలం ఆ పంపు అంత తేలికగా చెడిపోదు. పట్టించుకోని బండిలో ముందుగా పాడయ్యేవి పంపుకు డీజిల్ తెచ్చిపెట్టే వస్తువులే: ట్యాంకు లోపలి పైపు, ఎండకు బీటలిచ్చిన రబ్బరు గొట్టాలు, పైపులను కలిపే బ్యాంజో బోల్టుల వాషర్లు, ట్యాంకు నుంచి డీజిల్ పీల్చే ఫీడ్ పంపు, చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్, ఫిల్టర్లు. ఇవన్నీ కలిపినా క్యాలిబ్రేషన్ (పంపును దించి బెంచి మీద సరిచేయించడం) ఖర్చులో కొంత భాగమే అవుతుంది.

వీటిలో ఎక్కడ సందు పడినా డీజిల్ లైనులోకి గాలి చేరి బండి అందుకోదు. ఇక్కడే అందరూ ఒక వాదన తెస్తారు. "కింద ఒక్క చుక్క డీజిల్ కూడా పడలేదు, లీకే లేనప్పుడు గాలి ఎక్కడి నుంచి పడుతుంది?" అంటారు. ఈ ఒక్క మాట వల్ల వృథా అయినంత డబ్బు మరే మాట వల్లా కాలేదని నా నమ్మకం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు డీజిల్‌ను తోసేది ఏదీ ఉండదు, ఫీడ్ పంపే దాన్ని పీల్చుకుంటుంది. పీల్చే పైపులో సన్నని బీట ఉంటే డీజిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. పైపు పొడిగా, శుభ్రంగా కనిపిస్తూనే ఉంటుంది, ఇంజన్‌కు మాత్రం గాలి పడుతూనే ఉంటుంది. రాత్రంతా బండి నిలబడితే ఆ సందు గుండానే గాలి చొరబడి, లైనులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. అందుకే పొద్దున్నే ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోని బండి, హ్యాండ్ ప్రైమర్ నాలుగు సార్లు కొట్టగానే అందుకుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే పంపు జోలికి వెళ్లనవసరం లేదు. ముందుగా గాలి పట్టే చోటును, ఫీడ్ పంపు వాల్వులను, ప్రైమర్‌ను చూడాలి.

దీనికి పెద్ద పనిముట్లేమీ అక్కరలేదు. ఒక శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, దాన్ని ఫీడ్ పంపు కంటే ఎత్తులో కట్టి, ట్యాంకు లైను విప్పేసి క్యాన్ గొట్టాన్నే ఫీడ్ పంపుకు తగిలించాలి. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి గట్టి ధార వచ్చేవరకు ప్రైమర్ కొట్టి, స్క్రూ బిగించి స్టార్ట్ చేయాలి. బండి చక్కగా నడిస్తే దోషం ఫీడ్ పంపుకు ముందే ఉన్నట్టు. అప్పుడు ఫీడ్ పంపుకు ముందు ఒక మూర పారదర్శకమైన గొట్టం వేసి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి.

ఒక రాళ్ల లారీ సంగతి చెబుతాను. రెండుసార్లు పంపు దించి క్యాలిబ్రేషన్ చేయించినా జబ్బు పోలేదని దాని యజమాని తీసుకొచ్చాడు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందని అడిగితే, కొంచెం ఆలోచించి, డీజిల్ కొట్టించిన రోజు బాగానే ఉంటుందని, సగానికి దిగాకే మిస్సింగ్ (సిలిండర్లు సరిగా పనిచేయక ఇంజన్ కుదుపుతో నడవడం) మొదలవుతుందని చెప్పాడు. ట్యాంకులోంచి పైపు బయటికి తీస్తే, సరిగ్గా నడిమధ్యన తుప్పు తిని గుండుసూది దూరేంత రంధ్రం పడి ఉంది. డీజిల్ ఆ రంధ్రం పైన ఉన్నంతసేపూ బండికి రోగమే లేదు, కిందికి దిగగానే పైపు డీజిల్‌తో పాటు గాలినీ పీల్చడం మొదలుపెడుతుంది. ఆయన్ను ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు.

పంపు ఎప్పుడూ నిర్దోషి అని నేననడం లేదు. నీళ్లు కలిసిన డీజిల్‌తో నెలల తరబడి నిలబడిన బండిలో ప్లంజర్లు, నాజిల్ పైపుల్లోకి డీజిల్ వదిలే డెలివరీ వాల్వులు తుప్పుపట్టి ఇరుక్కుంటాయి, డీజిల్ మోతాదు మార్చే ర్యాక్ కదలదు. అయితే ఆ మాట అనే ముందు, ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ చూడండి. అది తుప్పుపట్టి లాగిన చోటే ఉండిపోతే, లోపల నాబ్ తోసినా పంపు మీది స్టాప్ లివర్ వెనక్కి రాదు. సెల్ఫ్ తిరుగుతుంది, డీజిల్ మాత్రం ఒక్క చుక్క కూడా వెళ్లదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సరులో పొగే రాకపోతే డీజిల్ సిలిండరులోకి చేరడం లేదని అర్థం. తెల్లపొగ వస్తూ కూడా అందుకోకపోతే డీజిల్ చేరుతోంది, దాన్ని అంటించే వేడి చాలడం లేదని అర్థం. అప్పుడు సెల్ఫ్ వేగం, కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి), టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం), సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు చూడాలి.

మిస్సింగ్ కొడితే ఇంజన్ బోరుకు (సిలిండర్లు అరిగి పెద్ద పనికి) వచ్చినట్టేనన్నది రెండో అపోహ. ముందు ఏ సిలిండరు పనిచేయడం లేదో తేల్చాలి. ఇంజన్ స్లోలో ఉండగా నాజిల్ పైపు నట్లను ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి మళ్లీ బిగిస్తూ పోతే, పనిచేసే సిలిండరు దగ్గర శబ్దం మారుతుంది, చచ్చిన సిలిండరు దగ్గర ఏ మార్పూ ఉండదు. ఆ నాజిల్‌ను పక్క సిలిండరుతో మార్చి చూడండి. మిస్సింగ్ కూడా దాని వెంటే వెళితే నాజిల్‌దే దోషం. అక్కడే ఉండిపోతే ట్యాపెట్ గ్యాపు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు) చూసి, ఆ తర్వాత కంప్రెషన్, డెలివరీ వాల్వు చూడాలి. ట్యాపెట్ మరీ బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోని బండిని బోరు పనికి విప్పేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఈ పరీక్ష చేసేటప్పుడు చేయి ఆ ధారకు అడ్డం పెట్టవద్దు. పాత నాజిళ్లు కూడా సుమారు 200 బార్ దగ్గర తెరుచుకుంటాయి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ బండ్లలో (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకంలో) ఒత్తిడి ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, వాటిలో ఇంజన్ తిరుగుతుండగా ఈ నట్లను అసలు ముట్టుకోకూడదు.

మిగతా వాటిని క్లుప్తంగా చెబుతాను. హెడ్‌లైట్లు బాగా వెలిగినంత మాత్రాన బ్యాటరీలు బాగున్నట్టు కాదు. 24 వోల్టుల బండిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు 19 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీలనూ కనెక్షన్లనూ అనుమానించాలి, ముఖ్యంగా ఛాసిస్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే ఎర్తు పట్టీని. చలికి డీజిల్ గడ్డకట్టిందన్న మాట మన జిల్లాల్లో డిసెంబరు తెల్లవారుజామున కూడా నిజం కాదు. ఎయిర్ ఫిల్టరు దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టి, ఈథర్ కొట్టి స్టార్ట్ చేయడం రింగులనూ పిస్టన్లనూ విరగ్గొట్టే పని, మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది. కిరోసిన్ కలిపితే పంపుకు అందాల్సిన జిడ్డు తగ్గి, బాగున్న పంపు కూడా నిజంగానే అరుగుతుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ తగినంత వేడెక్కక తెల్లపొగ ఎక్కువసేపు వస్తుంది. నల్లపొగ వస్తే పంపు స్క్రూ తిప్పకముందు, రాతి పొడితో పూడుకుపోయిన ఎయిర్ ఫిల్టరును తెరిచి చూడండి.

ఏళ్ల తరబడి నిలబడిన ఇంజన్‌కు నేరుగా సెల్ఫ్ కొట్టవద్దు. ముందు క్రాంక్ పుల్లీ నట్టుకు రాడ్డు వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. సిలిండరులో నీళ్లు చేరి ఉంటే అక్కడే ఆగిపోతుంది, అదే సెల్ఫ్ బలంతో తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇవన్నీ చూశాక కూడా పంపే దోషి అని తేలితే, దించే ముందు టైమింగ్ మార్కు పెట్టించండి. దించిన తర్వాత బెంచి మీద మొదటి రీడింగు ఎంత వచ్చిందో, సరిచేశాక ఎంత వచ్చిందో రెండూ రాసిమ్మని అడగండి.