ప్రొడక్ట్ ఓనర్ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

మొత్తం ధర ముందే ఖాయం చేసే ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు రాసుకుని, పని మాత్రం ఎజైల్‌లో, అంటే చిన్న విడతలుగా (స్ప్రింట్లు) చేసి, చూపించి, మార్చుకుంటూ వెళ్లే పద్ధతిలో చేయాలంటే ఎలా? క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టే కంపెనీల్లో ఈ గొడవ మళ్లీ రాజుకుంది. స్ప్రింటుకు ఇంత అని బిల్లు వేస్తామంటే క్లయింటు ఒప్పుకోడు. మొత్తానికి ఇంత అనుకుంటే నాలుగు డెమోలు అయ్యేసరికి స్కోపు, అంటే చేయాల్సిన పని, పెరిగి టీమ్ నలిగిపోతుంది. నన్నడిగితే చిక్కంతా ప్రొడక్ట్ ఓనర్ దగ్గర, అంటే ఏం చేయాలో, ఏది ముందు చేయాలో తేల్చే మనిషి దగ్గరుంది.

అది బాగా బయటపడింది హెర్ట్జ్ కేసులో. కార్లు అద్దెకిచ్చే ఆ అమెరికన్ కంపెనీ 2016 ఆగస్టులో తన సైటు, మొబైల్ యాప్‌ల పని ఐటీ సేవల కంపెనీ యాక్సెంచర్‌కు అప్పగించింది. 2017 డిసెంబరులో రావాల్సిన సైటు 2018 జనవరికి, అక్కణ్నుంచి ఏప్రిల్‌కి జరిగింది. మే నెలలో హెర్ట్జ్ తెగతెంపులు చేసుకుంది. కట్టిన 3.2 కోట్ల డాలర్లు తిరిగివ్వాలంటూ 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకెక్కింది. చిన్న, మధ్య, పెద్ద స్క్రీన్లు మూడింటికీ పేజీలు అడిగితే రెండింటికే చేశారని, ట్యాబ్లెట్ సైజుకు అదనంగా లక్షల డాలర్లు అడిగారని ఫిర్యాదు. ఆరోపణల్లో పస లేదని యాక్సెంచర్ అంది.

అదే దావాలో ఇంకో మాట ఉంది. ఇంత పెద్ద పనికి కావాల్సిన నైపుణ్యం, మనుషులు తమ దగ్గర లేరని, ప్రొడక్ట్ ఓనర్ యాక్సెంచరేనని, డిజైన్ తమ అవసరానికి సరిపోయిందో లేదో తేల్చింది కూడా వాళ్లేనని హెర్ట్జ్ రాసుకుంది. నేరం మోపుతున్నానని అనుకుని రాసిన మాట అది. డెవలపర్లు చదివితే మాత్రం ఒప్పుకోలులా ఉంటుంది. ట్యాబ్లెట్ పేజీ ఏదయ్యా అని డెమోలో నిలదీయాల్సింది క్లయింటు మనిషే కదా!

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1990లలో క్రైస్లర్ జీతాల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సీ3 చుట్టూ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఎజైల్ పద్ధతి రూపుదిద్దుకున్నప్పుడు, కస్టమర్ టీమ్‌తోపాటే కూర్చోవాలన్నది నియమం. (సీ3 కూడా 2000లో ఆగిపోయింది, ఆ కథ వేరు.) స్క్రమ్ అనే మరో ఎజైల్ పద్ధతిలో ఆ బాధ్యత ప్రొడక్ట్ ఓనర్‌ది. కమిటీ కాదు, ఒక్క మనిషే ఉండాలని, ఆ నిర్ణయాలను సంస్థ గౌరవించాలని ఆ పద్ధతి నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్ చెబుతుంది. ఆ మనిషికి జీతం ఇచ్చేది క్లయింటా, పని చేసిపెట్టే వెండరా అన్నది మాత్రం చెప్పదు.

ఆ సందులోంచే ప్రాక్సీ పీవో, అంటే క్లయింటు మనిషికి బదులు ప్రొడక్ట్ ఓనర్‌గా కూర్చునే వెండర్ మనిషి, దూరాడు. మాదాపూర్‌లో కూర్చున్న బిజినెస్ అనలిస్టు అమెరికా క్లయింటు తరఫున యూజర్ స్టోరీలు (వాడేవాళ్లకు ఏం కావాలో చెప్పే చిన్న వివరణలు) రాస్తాడు. చెకౌట్ పేజీలో కూపన్ పెట్టె ఎక్కడుండాలని మెయిల్ పెడితే జవాబు రాదు. స్ప్రింటు ఆగదు కాబట్టి తనకు తోచినచోట పెట్టిస్తాడు. డెమోలో క్లయింటు చూసి ‘మేమడిగింది ఇది కాదు’ అంటాడు. దాన్ని చేంజ్ రిక్వెస్ట్ (కొత్తగా అడిగిన మార్పు) అంటే ఆయనకు కోపం, డిఫెక్ట్ (టీమ్ చేసిన తప్పు) అంటే టీమ్‌కు వీకెండ్ గల్లంతు.

మా మేనేజర్‌ను రోజూ మీ కాల్‌లో కూర్చోబెడితే మా పనెవరు చేస్తారని క్లయింట్లు అడుగుతారు. అదీ నిజమే. అందుకే కొన్ని కాంట్రాక్టుల్లో క్లయింటు తరఫు మనిషి పేరు ముందే రాసుకుంటారు. గడువులోగా జవాబివ్వకపోతే ఆమోదించినట్టే అన్న క్లాజు కూడా పెడతారు. బేరం తెగనిది కూడా ఆ క్లాజు దగ్గరే.